బంగాళాదుంపా, కాగితం ముక్కా: వంటింట్లోనే చేసి తేల్చుకునే సంగతులు

ఒడిశాలో ఉన్న మా రాయగడలో బంగాళాదుంప ధర మా చేతిలో ఉండదు, బెంగాల్ చేతిలో ఉంటుంది. పేరులోనే ఉంది కదా బంగాళా అని. 2014లో ఓసారి, మళ్ళీ 2024లో రెండు విడతలుగా పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తమ దుంప బయటి రాష్ట్రాలకి పోకుండా లారీల్ని సరిహద్దు దగ్గర ఆపేసింది. ఇక్కడ బజార్లో కిలో ధర చెప్పడానికి కొట్టువాడికే మొహమాటం వేసిన రోజులవి. పక్కింటి మావుసి గేటు దగ్గర నిలబడి, సంత నుంచి వచ్చేవాళ్ళనల్లా "ఆలూ కెతే?" అని, అంటే దుంప ఎంత అని, అడిగేది. సమాధానం విని లోపలికి వెళ్ళి ఆ పూటకి వంకాయ తరిగేది.

ఆ టెన్షన్‌లో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. దొరికిన రోజున పది కిలోలు కొనేసి, ప్లాస్టిక్ సంచి మూతి బిగించి, వంటింటి కిటికీ కింద పెట్టాను. వారం తిరిగేసరికి పైనున్నవి పచ్చబడ్డాయి, అడుగువి నీరుకారి వాసనేశాయి. మా అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే అదే పెద్ద తిట్టు. మా మామయ్యగారు మాత్రం ఒక్క మాటన్నారు: "దుంపకి కావలసినవి చీకటీ, గాలీ. ఆ రెండూ కలిపి ఇచ్చేది కాగితం సంచి అమ్మా." ఆయన జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. 1962 నుంచి నడుస్తున్న ఆ మిల్లు మా ఊరికి ఆనుకునే ఉంది. ఏ మాట మొదలెట్టినా చివరికి కాగితం దగ్గర తేలుస్తారు కాబట్టి ముందు నవ్వుకున్నాను. తర్వాత చేసి చూస్తే ఆయన మాట నిజమైంది. అప్పటి నుంచి దుంపనీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి నేనూ పిల్లలూ చేసినవన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఒక పనిలో మిగిలింది తర్వాతి పనికి పనికొస్తుంది, కాబట్టి ఇదే వరుసలో చేస్తే వృథా తక్కువ.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

రెండు మూడు కిలోల బంగాళాదుంపలు, మెత్తటి ఉప్పు, పలచటి నూలుగుడ్డ, తురుముపీట, పదునున్న చాకు. కాగితాల్లో మూడు రకాలు: ఖాకీ కాగితం, జిరాక్సుకి వాడే తెల్ల కాగితం, పాత న్యూస్‌పేపర్. ఇవి కాక, దెబ్బలకి రాసే అయోడిన్ మందు ఒక చిన్న సీసా. అయోడిన్ తగిలిన గిన్నెలూ దుంపలూ మళ్ళీ తిండికి వాడకూడదు. అందుకని ఓ పాత స్టీలు గిన్నె, ఓ పాత గ్లాసు వేరేగా తీసి పెట్టుకోండి.

1. ఉప్పునీళ్ళలో వేసి జాతి తెలుసుకోవడం

కొట్టులో "జ్యోతి ఆలూ", "చంద్రముఖి" అని పేర్లు వినే ఉంటారు. అసలు పేర్లు కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి. కుఫ్రీ అనేది హిమాచల్‌లో ఒక ఊరు. సిమ్లాలో ఉన్న కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసే రకాల పేర్లు ఆ ఊరి పేరుతోనే మొదలవుతాయి. అయితే గోనె విప్పి కుప్ప పోశాక ఏది ఏ రకమో కొట్టువాడికీ తెలియదు, మనకీ తెలియదు. మనకి కావలసింది పేరు కాదు. ఉడికితే పిండిలా విడిపోతుందా, ముక్కగా నిలబడుతుందా, అంతే.

లోతైన గిన్నెలో 11 గ్లాసుల నీళ్ళకి 1 గ్లాసు మెత్తటి ఉప్పు వేసి పూర్తిగా కరగనివ్వండి. గ్లాసు ఏదైనా ఫరవాలేదు, రెండింటికీ అదే వాడాలి. ఉప్పు కరిగాక కడిగిన దుంపల్ని ఒక్కొక్కటిగా వదలండి. మునిగినవాటిలో పిండి ఎక్కువ, అందుకే బరువు. తేలినవాటిలో నీరు ఎక్కువ. దుంపలో సుమారు 80 శాతం నీరే. మిగతాదాంట్లో పిండి ఎంతుందన్న దాని మీదే మునగడం, తేలడం.

మునిగినవి బోండాలకీ, పూరీ కూరకీ, గుప్‌చుప్‌లోకి నలిపే ముద్దకీ. ఆంధ్ర వైపు చుట్టాలు పానీపూరీ అంటారు గానీ, మాకు అది గుప్‌చుప్పే. తేలినవి కుర్మాకీ ఆలూదమ్‌కీ. ఎంత ఉడికినా అంచులు చెదరవు. మొదటిసారి చేసినప్పుడు మా ఇంట్లో ఒకే సంచిలో తెచ్చిన దుంపల్లో సగం మునిగాయి, సగం తేలాయి. అన్నాళ్ళూ పూరీ కూరలో కొన్ని ముక్కలు ఎంత మెదిపినా రాయిలా ఎందుకుంటున్నాయో ఆవేళ తెలిసింది. నేను తిట్టుకున్నది కుక్కర్‌ని, పాపం.

బయటికి తీశాక మంచినీళ్ళతో కడిగి తుడిచేయండి. ఉప్పునీళ్ళు పారబోయకండి. ఒక దుంపని వేలిలావు పొడుగు ముక్కలుగా కోసి, సగం ఆ ఉప్పునీళ్ళలో, సగం మామూలు నీళ్ళలో గంటసేపు ఉంచండి. తీసి వంచి చూడండి. ఉప్పునీళ్ళ ముక్క తడి చెప్పులవారులా వంగుతుంది. మంచినీళ్ళ ముక్క ఫట్‌మని విరుగుతుంది. ఉప్పు బయట ఎక్కువుంటే దుంప కణాల్లో నీరు బయటికి వచ్చేస్తుంది, ఉప్పు లేకపోతే నీరు లోపలికి పోతుంది. దీనితో వంటకి రెండు లాభాలు. వడలిపోయిన దుంపని కోసి అరగంట చల్లనీళ్ళలో వేస్తే మళ్ళీ బిర్రుగా అవుతుంది. వేపుడులో ఉప్పు ముందే వేస్తే ముక్క నీరు వదిలి, వేగే బదులు ఉడికి, మూకుడికి అంటుకుంటుంది. సగం వేగాక వెయ్యండి.

2. దుంపలోంచి పిండి, పిండిలోంచి జిగురు

ఈ పని మీద నాకు ప్రేమ ఎక్కువ, కాస్త నిదానంగా చెప్తాను.

మునిగిన దుంపల్లోంచి పావుకిలో తీసుకుని చెక్కు తీసి సన్నగా తురమండి. తురుముని గుడ్డలో మూటకట్టి, రెండు గ్లాసుల నీళ్ళున్న గిన్నెలో ముంచి పిసకండి, పిండండి, మళ్ళీ ముంచండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి, చూస్తుండగానే పైన ఎర్రటి గోధుమరంగు తిరుగుతాయి. కోసిన దుంప గాలి తగిలితే నల్లబడటమూ ఇదే. కోసినప్పుడు పగిలిన కణాల్లోంచి ఒక ఎంజైము బయటపడి గాలితో కలిసి రంగు మారుస్తుంది. అందుకే తరిగిన ముక్కల్ని నీళ్ళలో వేసుకుంటాం. గాలి అందదు, రంగు మారదు.

గిన్నెని కదపకుండా ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత మెల్లగా పైనీళ్ళు వంచేయండి. చివరి గుక్క దాకా వంచొచ్చు, భయపడకండి, అడుగునున్నది కదలదు. అక్కడ సుద్దలా తెల్లగా ఒక పొర గట్టిగా పట్టుకుని ఉంటుంది. అదే పిండి. ఇప్పుడు వేలితో గట్టిగా పొడవండి, రాయిలా ఎదురుతిరుగుతుంది. అదే వేలిని మెల్లగా ఆనించి ఉంచండి, మీగడలోకి దిగినట్టు దిగిపోతుంది. గుప్పిట్లోకి తీసుకుని పిసికితే ఉండ, గుప్పిట విప్పితే వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి నీరు నెమ్మదిగా తోస్తే జరిగి దారిస్తుంది, ఒక్కసారి నొక్కితే జరగడానికి టైమ్ చాలక రేణువులు ఒకదానికొకటి ఇరుక్కుంటాయి. మా చిన్నవాడు దీనితో ఒక మధ్యాహ్నమంతా గడిపేశాడు. ఆ రోజు ఫోన్ అడగలేదు.

ఇంకోసారి మంచినీళ్ళు పోసి కలిపి, తేరనిచ్చి, వంచేస్తే పిండి శుభ్రంగా వస్తుంది. రెండు మూడు చెంచాలు రావాలి.

జిగురు ఇలా కాయాలి. ఒక పెద్ద చెంచా పిండిని పావు గ్లాసు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. ముప్పావు గ్లాసు నీళ్ళు పొయ్యి మీద వేడిచేసి, మంట తగ్గించి, కలుపుతూ ఇది పోయండి. మొదట పలచని పాలు. నీళ్ళింకా మరగడం మొదలుకాకముందే, సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర, ఒక్కసారిగా గరిటె బరువెక్కుతుంది, తెలుపు పోయి గాజులా మెరుస్తుంది. రేణువులు నీరు తాగి ఉబ్బి పగిలిన క్షణం అది. పులుసులో పిండి కలిపినప్పుడు చిక్కబడటమూ, గంజి గడ్డకట్టడమూ ఇదే కథ. దించి చల్లార్చండి. రెండు రోజుల్లో పులిసిపోతుంది, కాబట్టి ఆవేళ కావలసినంతే కాయండి. పూర్వం పుస్తకాలకి అట్టలు వేసే జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం. వంటింటి సంచులకి కలపకండి.

3. ఆ జిగురుతో సంచి, ఆ సంచిలో దుంపలు

ఒడియాలో కాగితం పొట్లాన్ని ఠుంగా అంటారు. మా వీధిలో పల్లీలమ్మే ఆమె మాట్లాడుతూనే, చేతుల వంక చూడకుండా, గంటకి వందల్లో చేసేస్తుంది. మనకి ఒకటి చాలు.

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ఖాకీ కాగితాన్ని రెండు పొరలుగా తీసుకోండి. రెండు పక్క అంచుల్ని మధ్యకి మడిచి, రెండువేళ్ళ వెడల్పున ఒకదాని మీదకి ఒకటి రానిచ్చి జిగురు రాయండి. జిగురు ఎంత పలచగా రాస్తే అంత గట్టిగా అంటుకుంటుంది. దట్టంగా రాస్తే ఆరేలోపు కాగితం ముడతలు పడుతుంది. అడుగు భాగాన్ని నాలుగువేళ్ళ ఎత్తున పైకి మడిచి, మూలల్ని లోపలికి తోసి, మళ్ళీ జిగురు. నీడలో రెండు గంటలు ఆరనివ్వండి. ఆరాక పెన్సిల్‌తో పది రంధ్రాలు పొడవండి. రెండు కిలోల దాకా మోస్తుంది. న్యూస్‌పేపర్‌తో కూడా చెయ్యొచ్చు కదా అంటారు. వద్దు. ఎందుకో 6వ పనిలో చెప్తాను.

దుంపల్ని ఆరబెట్టి, దెబ్బతగిలినవి, కోసుకుపోయినవి పక్కన పెట్టి, మంచివి మాత్రం సంచిలో వేసి మూతి వదులుగా మడవండి. కడిగినవి అయితే తడి పూర్తిగా ఆరాకే. పొయ్యికీ ఫ్రిజ్ వెనక వేడికీ దూరంగా, నేలకి దగ్గరగా, చీకటి మూలలో పెట్టండి. ఉల్లిపాయల బుట్ట వేరే మూలలో. ఏది కుళ్ళినా రెండోదాన్ని తీసుకుపోతుంది.

కాగితమే ఎందుకు? దుంప ప్రాణమున్న వస్తువు. పొలం నుంచి వచ్చాక కూడా ఊపిరి తీస్తుంది, తేమ వదుల్తుంది. ప్లాస్టిక్‌లో ఆ తేమ బొట్లుగా మారి మళ్ళీ దుంప మీదే పడుతుంది, అక్కడ కుళ్ళు మొదలు. కాగితం ఆ తేమని పీల్చి బయటి గాలికి వదిలేస్తుంది. వెలుతురు సంగతి వేరే. వెలుతురు తగిలితే దుంప తాను వేరు కాదనీ కాండమనీ గుర్తుచేసుకుంటుంది. నిజంగానే అది భూమిలో ఉబ్బిన కాండం. పత్రహరితం తయారై చర్మం పచ్చబడుతుంది. ఆ పచ్చదనం వల్ల హాని లేదు, కానీ దానితోపాటే సొలనిన్ అనే చేదు విషం కూడా పెరుగుతుంది. అది ఉడికించినా పోదు. కొంచెమే పచ్చబడితే ఆ మేర లోతుగా చెక్కేసి, మొలకల కళ్ళు తవ్వేసి వాడుకోవచ్చు. లోపలిదాకా పచ్చబడినా, నోట్లో పెడితే చేదనిపించినా పారేయండి. ధర చూసి మొహమాటపడకండి.

ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుందో ఒకసారి చేసి చూడండి. ఒక దుంప పది రోజులు ఫ్రిజ్‌లో, ఒకటి సంచిలో. రెండింటినీ ఒకేలా తరిగి ఒకే నూనెలో వేయించండి. ఫ్రిజ్‌ది ముందే మాడు రంగుకి వచ్చేస్తుంది, కాస్త తియ్యగా ఉంటుంది. చలికి దుంప తన పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. బెంగాల్‌లో పంట ఫిబ్రవరి, మార్చిలో తీసి కోల్డ్ స్టోరేజీల్లో పెడతారు. దసరా, దీపావళి రోజుల్లో వచ్చే దుంప వేపుడు తియ్యగా, నల్లగా ఉందంటే కారణం అదే. అలాంటిది కొన్నప్పుడు ఇంట్లో ఒకటి రెండు వారాలు బయట ఉంచితే చక్కెర చాలావరకు తగ్గుతుంది.

4. అయోడిన్ చుక్క: దుంప మీద ఒకటి, కాగితం మీద ఒకటి

అయోడిన్ మందు చుక్కలో నాలుగైదు చుక్కల నీళ్ళు కలపండి. కోసిన దుంప మీద ఒక చుక్క. గోధుమరంగు చుక్క కళ్ళముందే నీలం, తర్వాత నలుపు. ఇది స్కూల్లో అందరూ చేసిందే. ఇప్పుడు అదే చుక్క జిరాక్సు కాగితం మీద వెయ్యండి.

అదీ నీలి నలుపే అవుతుంది.

నేను మొదటిసారి చూసినప్పుడు చెయ్యి కడుక్కోలేదేమో, దుంప పిండి అంటిందేమో అనుకుని ఇంకో కాగితం తెచ్చాను. అదీ అంతే. మామయ్యగారిని అడిగితే పేపర్ చదువుతూనే, "పిండి పూయకపోతే కాగితం మీద రాత నిలుస్తుందా?" అన్నారు. ఆయనకి అది చెప్పాల్సినంత సంగతి కూడా కాదు. మిల్లులో కాగితం దాదాపు ఆరాక రెండు వైపులా పలచటి గంజి పట్టిస్తారు. ఇస్త్రీకి చీరకి పెట్టినట్టే. లేకపోతే కాగితం పీచు సిరాని పీల్చేసి అక్షరం పక్కలకి పాకిపోతుంది. మన దేశంలో ఆ పిండి ఎక్కువగా మొక్కజొన్నదీ కర్రపెండలానిదీ. యూరప్‌లో బంగాళాదుంప పిండి కూడా వాడతారు. ఇప్పుడు న్యూస్‌పేపర్ అంచు మీద, అచ్చు లేనిచోట చుక్క వెయ్యండి. మా ఇంట్లో అది దాదాపు గోధుమరంగులోనే ఉండిపోయింది. న్యూస్‌పేపర్‌కి ఆ గంజి పూత ఉండదు. దాని మీద ఇంకు పెన్నుతో రాస్తే అక్షరం ఉబ్బుతుంది, చూడండి.

కాగితం పీచు సెల్యులోజ్. ఒకప్పుడు ఇక్కడి అడవి వెదురు, ఇప్పుడు ఎక్కువగా నీలగిరి, సరుగుడు, సుబాబుల్ చెట్ల గుజ్జు. విచిత్రమేమిటంటే సెల్యులోజూ దుంప పిండీ రెండూ ఒకే చక్కెర పూసలు గుచ్చిన దండలు. గుచ్చే తీరు వేరు. పిండిలో దండ మెలికలు తిరిగి గొట్టంలా ఉంటుంది, అయోడిన్ ఆ గొట్టంలో దూరి కూర్చుంటే నీలిరంగు. సెల్యులోజ్‌లో దండలు తిన్నగా, పక్కపక్కన బిగుసుకుని ఉంటాయి, అయోడిన్‌కి చోటు లేదు. మన పొట్టకీ అంతే. పిండి దండని తెంచుకోగలదు, కాగితం దండని తెంచుకోలేదు. ఆవు తెంచుకుంటుంది, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవుల పుణ్యాన. మా వీధి ఆవులు సినిమా పోస్టర్ని జిగురుతో సహా లాగించేస్తాయి, వాటికి రెండూ భోజనమే.

ఇంకో చిన్న సరదా. పక్కన పెట్టిన పాత గిన్నెలో దుంప ఉడికిన నీళ్ళు కొంచెం చల్లార్చి పోసి, ఒక చుక్క అయోడిన్ వెయ్యండి. నీలం. వేడిచేయండి, రంగు మాయం. చల్లార్చండి, మళ్ళీ వస్తుంది, కాస్త పలచగా. వేడికి ఆ గొట్టం మెలిక విడిపోతుంది, చల్లారితే మళ్ళీ చుట్టుకుంటుంది. అయిపోయాక అన్నీ పారబోయండి. నోట్ల మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి. మన రూపాయి నోటు నూలుతో చేస్తారు, చెక్క గుజ్జుతో కాదు. మరక మిగులుతుంది అంతే.

5. కాగితం చుట్టిన కత్తి

ఇది చుట్టాలొచ్చినప్పుడు చేసి చూపించే పని. మా వదిన వాళ్ళు పార్వతీపురం నుంచి వచ్చినప్పుడు పందెం కాసి మరీ చేశాను.

దుంపని సగానికి కోసి, కోసిన వైపు కిందకి ఉండేలా చెక్కపలక మీద బోర్లించండి. లేకపోతే దొర్లుతుంది. తెల్ల కాగితాన్ని మధ్యకి మడిచి, ఆ మడత చాకు పదునుకి సరిగ్గా ఆనేలా జీను వేసినట్టు వెయ్యండి. కాగితం రెండు రెక్కలూ చాకు రెండు పక్కలా దిగుతాయి. పిడిని ఒక చేత్తో, చాకు మొనని పైనుంచి మడిచిన గుడ్డతో ఇంకో చేత్తో పట్టుకుని, తిన్నగా కిందకి నొక్కండి. రంపంలా లాగకూడదు. దుంప రెండు ముక్కలవుతుంది. పలక తగిలే ముందే ఆపి, కాగితం తీసి వెలుతురుకి పట్టి చూడండి. మడత దగ్గర తడి గీత ఉంటుంది, చిరుగు ఉండదు.

దుంప తెగింది, మధ్యనున్న కాగితం తెగలేదు. వదిన కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇది మీ మామగారు మిల్లు నుంచి తెచ్చిన స్పెషల్ కాగితమా?" అంది.

కాదు. కాగితం పీచు చాలా గట్టిది. దుంప అంటే నీళ్ళు నింపిన సన్నటి గదుల గోడ. కత్తి నొక్కుతుంటే కాగితం తెగేంత ఒత్తిడి పెరగకముందే దుంప దారిచ్చేస్తుంది. కాగితానికి వెనక ఆనుకోవడానికి గట్టి వస్తువేదీ లేదు. ఇది నిజమో కాదో తేల్చుకోవాలంటే, అదే కాగితాన్ని దుంప లేకుండా చెక్కపలక మీద పరిచి అదే చాకుతో నొక్కండి. వెంటనే తెగుతుంది. చెక్క దారివ్వదు కదా. దుంప మీదే అయినా చాకుని ముందుకీ వెనక్కీ లాగితే కాగితం చిరుగుతుంది, ఎందుకంటే అప్పుడు పదును ఒక్కో పీచునీ విడివిడిగా కోస్తుంది. ఒకే కాగితంతో ఏడెనిమిది సార్లు చేసినా చిరుగుతుంది. తడి తాగిన కాగితంలో పీచుల మధ్య పట్టు వదులైపోతుంది. కాబట్టి చుట్టాల ముందు ప్రతిసారీ కొత్త కాగితం తీసుకోండి.

కత్తిపీట మీద ఈ పని చెయ్యకండి. అక్కడ నొక్కేది చెయ్యి, కత్తి కదలదు, జారితే ప్రమాదం.

6. నూనె మరక

ఒక తెల్ల కాగితం మీద పచ్చి దుంప చక్రం ఒకటి, పక్కన వేయించిన చిప్స్ ఒకటి పెట్టి నొక్కండి. రెండుచోట్లా కాగితం అద్దంలా మారుతుంది. గంట ఎండలో పెట్టండి. పచ్చి దుంప మరక పోతుంది, చిప్స్ మరక అలాగే ఉంటుంది. కాగితం తెల్లగా కనిపించడానికి కారణం పీచుల మధ్య ఉండే గాలి, అది వెలుతురుని చెదరగొడుతుంది. ఆ సందుల్లో నూనె నిండితే వెలుతురు తిన్నగా దాటిపోతుంది. నీరు ఆరిపోతుంది, నూనె ఆరదు. కొన్న తినుబండారం మీద "నూనె తక్కువ" అని రాసి ఉంటే నేను ఇప్పుడు రాత చదవను, కాగితం మీద పెట్టి నొక్కుతాను.

సందుల్లోకి నూనె ఎంత తేలిగ్గా వెళ్తుందో, అక్కడున్న సిరా అంత తేలిగ్గా నూనెలోకి వస్తుంది. వేడి వేడి పియాజీ (ఉల్లి పకోడీ) న్యూస్‌పేపర్ ముక్కలో కట్టిస్తే, నూనెలో కరిగిన అచ్చు రసాయనాలు కూడా తింటున్నట్టే. ఆహార భద్రత సంస్థ 2016లోనే వద్దని హెచ్చరించింది. 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో తిండి వస్తువులు న్యూస్‌పేపర్‌లో చుట్టడం, నిల్వ చెయ్యడం నిషేధించింది. పైన సంచికి ఖాకీ కాగితం అన్నది అందుకే. మా ఇంట్లో బజ్జీలు తీశాక జల్లెడ గరిటెలో వారనిచ్చి, అడ్డాకు మీద వేస్తాం. సంతలో కొండవాళ్ళు కట్టలుగా తెచ్చి అమ్ముతారు. నూనె పీల్చదు, నిజమే, వాసన మాత్రం బజ్జీకి ఇంకో పావలా కలుపుతుంది.

7. పొయ్యి మీద

ఇక్కడ ఎక్కువ చెప్పను. ఒక్కటి చాలు. ఒకే దుంప ముక్కల్ని రెండు గిన్నెల్లో ఉడకబెట్టండి, ఒకదాంట్లో చింతపండు పులుసు కలిపి. పులుసులో ముక్క ఇరవై నిమిషాలైనా గట్టిగానే ఉంటుంది. పులుపు తగిలితే కణాల్ని అతికించే పెక్టిన్ కరగదు. కాబట్టి పులుసు కూరలో దుంప ముక్క మెత్తబడ్డాకే చింతపండు పోయాలి. ఆలూదమ్‌లో ముక్క చెదరకూడదంటే ముందే టమాటా వెయ్యండి. ఇదే కిటుకు అటు తిప్పితే లాభం, ఇటు తిప్పితే నష్టం. ఉడికించిన దుంప చల్లారాక బూడిదరంగు తిరిగితే, ఈసారి ఉడికే చివర్లో రెండు చుక్కల నిమ్మరసం వెయ్యండి.

8. మిగిలిన ముక్కలతో ముద్రలు

సగం కోసిన దుంప ముఖం మీద గోరంత లోతున బొమ్మ గీసి, చుట్టూ ఉన్నది చాకుతో తీసేయండి. మా పిల్లలు ఇక్కడి సవర ఇళ్ళ గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల్లా రెండు త్రికోణాలు కలిపి మనిషిని చేశారు. ముఖాన్ని ఖాకీ కాగితం మీద అద్ది తడి తీసేయాలి. లేకపోతే దుంప నీటికి రంగు పలచబడి ముద్ర జారిపోతుంది. పసుపు ముద్దలో, పారాణిలో అద్ది వేస్తే తెల్ల కాగితం మీద అంచు నీటుగా వస్తుంది, న్యూస్‌పేపర్ మీద పాకుతుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. మేం మాత్రం 3వ పనిలో చేసిన ఖాకీ సంచుల మీదే వేసుకున్నాం, ఉల్లికి ఒక గుర్తు, దుంపకి ఒక గుర్తు.

రంగు అంటిన దుంప ముక్కల్ని వెంటనే చెత్తలో వెయ్యండి. మా చిన్నవాడు కడిగేశానని చెప్పి కూరగాయల బుట్టలో పెట్టాడు. మర్నాడు అత్తయ్య వడ్డించిన కుర్మాలో ఒక ఎర్రటి సవర మనిషి తేలాడు.